నలుగురం కలిసి అప్పడాలు పెడదామనుకుంటున్నాం, సలహా చెప్పండి

ఒంగోలు_మినప: 1959లో ముంబై గిర్గాంలో జశ్వంతిబెన్ పోపట్, ఇంకో ఆరుగురు 80 రూపాయల అప్పుతో లిజ్జత్ అప్పడాల సంస్థ మొదలుపెట్టారు కదా. మేమూ అలాగే చేద్దామని. అప్పు తేవచ్చా? లాభం ఎలా పంచుకోవాలి? ముసురులో ఎలా ఆరబెడుతున్నారు?

రాజమండ్రి_వదిన: కొట్లకు మాత్రం అరువివ్వకమ్మా. ఒకాయన మూడు నెలలు తిప్పించుకుని, సగం విరిగిపోయాయని వెనక్కిచ్చాడు. ఆ డబ్బొస్తేనే నేను మళ్లీ పప్పు కొనాలి.

పాలకొల్లు_అప్పడం: ముసురంటారా, లిజ్జత్ వాళ్లే మొదటి వానాకాలం నాలుగు నెలలు పని ఆపేశారు. మరుసటేడు మంచం మీద అప్పడాలు పరిచి కింద పొయ్యి పెట్టారు. ముప్పై ఏళ్లుగా నాదీ అదే పద్ధతి. నులకమంచం, కింద బొగ్గుల కుంపటి.

హన్మకొండ_పాపడ్: పొగ వాసనొస్తే ఎవరు కొంటారండీ? డ్రయ్యర్ కొనుక్కోండి.

పాలకొల్లు_అప్పడం: పొగ వచ్చేది రాజుకోని బొగ్గుకి. నిప్పులు కణకణలాడాకే మంచం కిందికి తొయ్యాలి. చేసినవాళ్లకి తెలుస్తుంది.

హన్మకొండ_పాపడ్: నేనూ చేసినదాన్నే. వానని తలుపులన్నీ మూసి కుంపటి పెడితే మా చిన్నమ్మ స్పృహ తప్పి పడిపోయింది. కొత్తవాళ్లకు ఇలాంటివి చెప్పకండి.

పాలకొల్లు_అప్పడం: తలుపులు మూసుకోమని నేనన్నానా? నాకు పాఠాలొద్దు.

ఒత్తిన_చేతులు: గొడవ ఆపండి. జశ్వంతిబెన్‌కి 2021లో పద్మశ్రీ వచ్చింది, నాకూ సంతోషమే. కానీ ఆమె ఒక్కరినే యజమానిలా చెప్పుకుంటే నాకు మనసొప్పదు. అక్కడ ఒత్తేవాళ్లే సభ్యులు. పిండి ఇంటికి తీసుకెళ్లి, ఒత్తి, ఆరిన అప్పడాలు అప్పగించి కూలి తీసుకుంటారు. లాభమైనా నష్టమైనా అందరిదీ. మా అమ్మ ఇరవై ఏళ్లు వేరే వాళ్లకు ఒత్తింది. కూలి తప్ప లాభమనే మాట వినలేదు. ఇప్పుడు కుడి భుజం పైకి లేవదు.

ఒంగోలు_మినప: అయ్యో అక్కా. మరి మేం సమానంగా పంచుకోవాలా, ఒత్తిన లెక్కనా?

ఒత్తిన_చేతులు: కూలి ఒత్తిన లెక్కన, లాభం సమానంగా. మొదటి రోజే కాగితం మీద రాసుకోండి.

పాలకొల్లు_అప్పడం: రెండు రకాలు మాత్రం చేయొద్దు. లిజ్జత్‌లో మొదట చౌకరకం కూడా చేస్తే, అప్పిచ్చిన ఛగన్‌లాల్ పారేఖే నాణ్యత తగ్గించొద్దన్నారు.

హన్మకొండ_పాపడ్: ఇది మాత్రం ఒప్పుకుంటా. పప్పు ఏది వాడుతున్నారు, పొట్టుదా, ఛాయదా?

రాజమండ్రి_వదిన: ఛాయపప్పే. మరి నా అరువు డబ్బు ఎలా రాబట్టాలో ఎవరూ చెప్పరేం?