ఇవాళ్టి కార్లలో ఏవైనా రేపటికి క్లాసిక్‌లుగా మిగులుతాయా?

పాతబండి (చర్చ ప్రారంభం)

ముంబైలో చివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరులో రిజిస్టరైంది. అక్కడ టాక్సీకి ఇరవై ఏళ్లే గడువు కాబట్టి 2023 అక్టోబరుతో దాని సేవ ముగిసింది. పద్మినిని, అంబాసిడర్‌ను, మారుతి 800ను క్లాసిక్‌లు కావని ఇప్పుడు ఎవరూ అనరు. ఇవాళ షోరూముల్లో మెరుస్తున్న వాటిలో మాత్రం ఒక్కటి కూడా ఆ వరుసలో చేరదని నా గట్టి నమ్మకం.

అవి అందంగా లేవనో, నాసిరకమనో కాదు. నిజానికి భద్రతలో, మైలేజీలో పాతవి వీటి దరిదాపుల్లోకి రావు. కానీ వీటి ప్రాణం యజమాని చేతిలో లేదు, లోపలి కంప్యూటర్లకు సాఫ్ట్‌వేర్ ఇచ్చే కంపెనీ చేతిలో ఉంది. ఉత్తర్‌పారాలో అంబాసిడర్ ఫ్యాక్టరీ 2014లో మూతపడింది. ఆ రోజు దేశంలో తిరుగుతున్న ఒక్క అంబాసిడర్‌కూ ఏమీ కాలేదు. అదే 2024 జూన్‌లో అమెరికాలో ఫిస్కర్ అనే ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ దివాలా తీసింది. కొని ఏడాది కూడా నిండని బళ్లకు సాఫ్ట్‌వేర్ ఎవరు చూస్తారో, విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో తెలియక యజమానులే సంఘం పెట్టుకున్నారు. తయారీదారు పోతే తానూ పోయే వస్తువు వారసత్వంగా ఎలా నిలుస్తుంది?

నెక్కర్ తీరం

పాతబండి గారూ, నేను జర్మనీలో ఉంటాను. ఇక్కడ ముప్పై ఏళ్లు నిండి, అసలు రూపం చెడకుండా ఉన్న కారుకు నంబరు చివర 'హెచ్' అక్షరంతో ప్రత్యేక ప్లేటు ఇస్తారు. అంటే 1990ల మొదట్లో వచ్చినవన్నీ ఇప్పటికే ఆ అర్హతలోకి వచ్చేశాయి. వాటిలో ఇంధనాన్ని కొలిచి పంపేది, ఏబీఎస్ బ్రేకులను నడిపేది కంప్యూటర్లే. ఇంకా వెనక్కి వెళ్తే, 1967లోనే ఫోక్స్‌వ్యాగన్ 1600లో బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంధన ఇంజెక్షన్ పెట్టింది. 'ఎలక్ట్రానిక్స్ ఉంటే క్లాసిక్ కాదు' అనే మాటకు అప్పుడే కాలం చెల్లింది.

1990ల తొలి సగంలో వచ్చిన కొన్ని మెర్సిడెస్ కార్లలో ఇంజిన్ వైర్ల పైతొడుగు వేడికి పెళుసుబారి రాలిపోయేది. వాటి పని అయిపోయిందనే అనుకున్నారు. కానీ ఆ వైరింగ్ కట్టలను కొత్తగా అల్లి ఇచ్చేవాళ్లు తయారయ్యారు. జపాన్‌లో నిసాన్ 2017లో స్కైలైన్ జీటీ-ఆర్ ఆర్32 విడిభాగాలను, టయోటా 2020లో పాత సుప్రా విడిభాగాలను మళ్లీ చేయడం మొదలుపెట్టాయి. అడిగేవాళ్లు తగినంత మంది ఉంటే కంపెనీలు కూడా వెనక్కి తిరిగి చూస్తాయి.

ఆటోనగర్ షెడ్డు

విజయవాడ ఆటోనగర్‌లో నాది కారు ఎలక్ట్రికల్ పని. ఇద్దరి మాటలోనూ సగమే నిజం ఉంది.

కంప్యూటర్ ఉంటే బాగుచేయలేరన్నది తప్పు. ముప్పై ఏళ్లనాటి జపాన్ కారు ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) డబ్బా విప్పి చూడండి. కెపాసిటర్ కింద పచ్చగా చిలుము పట్టిన మరక కనిపిస్తుంది. లోపలి ద్రవం కారి, బోర్డు మీది రాగి గీతను తినేసి ఉంటుంది. కెపాసిటర్ పీకి, మరకను స్పిరిట్‌తో కడిగి, తెగిన గీత మీద వెంట్రుకంత వైరు పరిచి టంకం వేసి, కొత్త కెపాసిటర్ పెడితే బండి లేస్తుంది. పూర్వం ఇంజిన్‌కు నిప్పురవ్వ అందించే పాయింట్లకు ఎమెరీ కాగితం రుద్దినవాళ్ల చేతులే ఇప్పుడు ఈ పనీ నేర్చాయి.

చిక్కంతా ఆ తర్వాతి తరం బళ్లతోనే. స్క్రాపుకు వచ్చిన బండి నుంచి మీటరు బోర్డు తీసి అదే మోడల్ ఇంకో బండికి బిగిస్తాం. ప్లగ్గు సరిపోతుంది, స్క్రూలు సరిపోతాయి. అయినా అది పనిచేయదు. కొన్ని కంపెనీల బళ్లలో ఆ బోర్డును ఈ బండికి జత చేయడానికి కంపెనీ సర్వరు ఒప్పుకోవాలి. ఆటోనగర్ బతుకే ఒక బండి భాగంతో ఇంకో బండిని నిలబెట్టడం. ఆ దారి మూసుకుపోతే, పాత బళ్లు వందల్లో పడి ఉన్నా ఒక్కదానికీ ఆయుష్షు పోయలేం.

ఎనిమిదొందలు

మీరందరూ మరమ్మతు దగ్గరే ఆగిపోయారు. బాగుచేయగలిగినదల్లా క్లాసిక్ అవుతుందా? దాన్ని బాగుచేయాలని ఎవరికైనా ఎందుకు అనిపించాలి?

1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ తొలి మారుతి 800 తాళాలు కొన్నవారి చేతికి ఇచ్చారు. ఆ కారునే తర్వాత బాగుచేయించి మారుతి తన ప్రధాన కార్యాలయంలో పెట్టుకుంది. లక్షల్లో తయారైన ఆ చిన్న కారులో అరుదైనది ఏమీ లేదు. 796 సీసీ ఇంజిన్, మూడు సిలిండర్లు, అంతే. కానీ స్కూటరు మీద నలుగురు వెళ్లిన ఇల్లు మొదటిసారి తలుపులు మూసుకుని, వానలో తడవకుండా పెళ్లికి వెళ్లింది అందులోనే. వెనక సీట్లో కూర్చున్న పిల్లలే ఇప్పుడు యాభైకి దగ్గరపడి దాన్ని వెతుక్కుంటున్నారు.

ఆ లెక్కన నా ఓటు నానోకు. 2009లో వచ్చింది, 2018లో ఆగిపోయింది. వెనక 624 సీసీ ఇంజిన్, రెండే సిలిండర్లు. చవక కారన్న ముద్రే దాన్ని అమ్మకాల్లో దెబ్బతీసింది. ఇరవై ఏళ్లు పోనివ్వండి, ఆ ఆలోచనలోని తెగువే కనిపిస్తుంది.

బ్యాటరీ గురించి కూడా ఒక మాట. 2001లో బెంగళూరు నుంచి వచ్చిన రేవా ఎలక్ట్రిక్ కారులో ఉన్నవి సీసపు బ్యాటరీలు. అవి పోయాక లిథియం బ్యాటరీలు వేసుకుని నడిపినవాళ్లు ఉన్నారు. బ్యాటరీ చచ్చిందంటే కారు చచ్చినట్టు కాదు.

పాతబండి

నానో విషయంలో మీతో పోట్లాడను, అందులో కంప్యూటర్ పెత్తనం తక్కువ. కానీ రేవా ఉదాహరణను చట్టం ముందు పెట్టి చూడండి. మన దేశంలో 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటినదే వింటేజ్ వాహనం. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజిన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. మరి బ్యాటరీ మారిన ఎలక్ట్రిక్ కారు అసలు రూపంలో ఉన్నట్టా, లేనట్టా? యాభై ఏళ్లు ఒకే బ్యాటరీ ఉండదు కదా.

ఇంతకన్నా నన్ను బాధపెట్టేది మధ్యలోని కాలం. 2020లో కొన్న కారుకు 2035లో పదిహేనేళ్లు నిండుతాయి. అక్కడి నుంచి ఫిట్‌నెస్ పరీక్షలు, పెరిగిన రీ-రిజిస్ట్రేషన్ రుసుములు, స్క్రాప్ చేస్తే రాయితీ ఇస్తామన్న పిలుపులు. వింటేజ్ గౌరవం దక్కేది 2070లో. ఈ ముప్పై అయిదేళ్లూ అది చట్టం దృష్టిలో ఉత్త పాత బండి. ఢిల్లీ ప్రాంతంలోనైతే పదేళ్ల డీజిలు, పదిహేనేళ్ల పెట్రోలు బళ్ల మీద నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది, ఆ వివాదం ఇంకా సాగుతూనే ఉంది. గాలి బాగుండాలనడంలో తప్పులేదు. కానీ నెలకోసారి బయటికి తీసే బండిని, రోజూ వంద కిలోమీటర్లు తిరిగే బండిని ఒకే గాట కట్టడం అన్యాయం.

నెక్కర్ తీరం

ఈ మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇక్కడ ముప్పైకే గుర్తింపు ఉండటం వల్ల, ఇరవై ఏళ్ల కారును ఇంకో పదేళ్లు దాచుకోవడానికి మనిషికి ఆశ ఉంటుంది. యాభై అంటే కొన్నవాడు తన కళ్లతో చూడకపోవచ్చు.

ఆటోనగర్ షెడ్డు

చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలు కూడా ఉన్నాయి. మనం అడగాల్సింది ఒక్కటే. ఏదైనా మోడల్‌ను ఆపేసి, విడిభాగాలు ఇవ్వడం కూడా మానేసిన రోజున, దాని బోర్డులను జత చేసే సాఫ్ట్‌వేర్‌ను బయటి మెకానిక్‌లకు ఇచ్చి తీరాలి. పాతబండి గారి 'ఒక్కటి కూడా' అన్న మాట నిలుస్తుందో లేదో దాని మీదే ఆధారపడి ఉంది.

ఈలోగా, ఇవాళ్టి బండిని పిల్లలకు ఇవ్వాలనుకునేవాళ్లు రెండో తాళంచెవి పోగొట్టుకోకండి. వర్క్‌షాప్ మాన్యువల్, వైరింగ్ పటం దొరికినప్పుడే కాగితం మీద అచ్చు తీసి పెట్టుకోండి. బండి నెలల తరబడి నిలిపి ఉంచితే ముందు 12 వోల్టుల బ్యాటరీ నెగటివ్ కొస విప్పండి. వోల్టేజి పడిపోయి మొండికేసిన బోర్డులే మా షెడ్డుకు ఎక్కువగా వస్తాయి.