కాలం ‘సాగడం’: వ్యాకోచమా, మరేదైనా మాటా?

అందరికీ నమస్కారం. మనల్ని దాటి వేగంగా కదిలే గడియారం మన కొలతలో నెమ్మదిగా నడవడాన్ని ఇంగ్లీషులో ‘టైమ్ డైలేషన్’ అంటారు. దానికి తెలుగులో ‘కాల వ్యాకోచం’ సరిపోతుందా అని మొన్న ఇక్కడ ఒకరు అడిగారు. రెండు రోజులుగా నాకు అదే ఆలోచన.

వ్యాకోచం అనగానే వేడికి పెరిగిన ఇనుప కడ్డీ గుర్తొస్తుంది. అక్కడ మార్పు కడ్డీలోనే ఉంది. ఐన్‌స్టీన్ 1905లో చెప్పింది వేరు. కాంతి వేగంలో 60 శాతం వేగంతో, అంటే సెకనుకు సుమారు 1,80,000 కిలోమీటర్ల చొప్పున, ఒక నౌక మనల్ని దాటిపోతోందనుకోండి. అందులోని గడియారం టిక్కుకూ టిక్కుకూ మధ్య ఎడం నౌకలోవాళ్లకు సరిగ్గా ఒక సెకను. మన కొలతలో అదే ఎడం 1.25 సెకన్లు. వాళ్లకు లోపల ఏ తేడా తెలియదు. పైగా నెమ్మదించింది మన గడియారమే అంటారు, వాళ్ల కొలత కూడా తప్పు కాదు! ఈ సంగతి ‘వ్యాకోచం’లో వినిపించదు.

నా మనసు ‘సాగు’ మీదికి పోతోంది. రబ్బరు సాగుతుంది, ప్రయాణమూ సాగుతుంది. నిడివి పెరగడానికీ ముందుకు కదలడానికీ మనకు ఒకటే క్రియ. కదలిక వల్ల ఎడం పెరగడం అనే విషయానికి ఇంతకంటే దగ్గరి మాట నాకు దొరకలేదు.

మ్యూయాన్లనే చూడండి. వాతావరణంలో సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున పుట్టే ఈ సూక్ష్మ కణాల సగటు ఆయువు, కదలకుండా ఉంటే, 2.2 మైక్రోసెకన్లు. ఆ కాస్త సమయంలో కాంతి కూడా 660 మీటర్లకు మించి పోలేదు. అయినా అవి నేల మీద పరికరాలకు చిక్కుతూనే ఉన్నాయి. కాంతి వేగంలో 99.5 శాతంతో వచ్చేదాని ఆయువు మన లెక్కలో దాదాపు పది రెట్లు సాగుతుంది. ఇంకా వేగంగా వచ్చేవాటికి ఇంకా ఎక్కువ.

వ్యాఖ్య: బాగుందండీ, కానీ వేగంగా కదిలేదాని పొడవు మన కొలతలో తగ్గడానికి ‘పొడవు సంకోచం’ అనే మాట ఉంది కదా. దానికి జోడీ వ్యాకోచమే. ‘కాలం సాగింది’ అంటే పిల్లలు కాలం గడిచింది అనే అనుకుంటారు.

జవాబు: రెండూ ఒప్పుకుంటానండీ. ఆ జోడీ మ్యూయాన్ దగ్గరే కనిపిస్తుంది. దాని వైపు నుంచి చూస్తే ఆయువు ఏమీ పెరగలేదు, 15 కిలోమీటర్ల దారే కుంచించుకుపోయింది. కాబట్టి పారిభాషిక పదంగా వ్యాకోచం ఉండనిద్దాం. వివరించేటప్పుడు మాత్రం ‘కాలం సాగింది’ అని ఆపకుండా ‘రెండు టిక్కుల మధ్య ఎడం సాగింది’ అందాం. అప్పుడు పిల్లలు పొరబడరు.

వ్యాఖ్య: ‘ప్రాపర్ టైమ్’ను, అంటే ఒక గడియారం తనతోపాటు కదిలేవాళ్లకు చూపే కాలాన్ని, ‘నిజకాలం’ అనవచ్చా అండీ?

జవాబు: దయచేసి వద్దండీ. ‘నిజభుజబలం’లో నిజ అంటే తన సొంత. ఆ అర్థంలో మాట చక్కగా అతుకుతుంది. కానీ ఈనాటి చెవికి నిజం అంటే సత్యమే, దాంతో మిగతా కాలాలు అబద్ధాలైపోతాయి. ఇంగ్లీషులోనూ ఇదే జరిగింది. గణితవేత్త మింకోవ్‌స్కీ 1908లో జర్మన్‌లో వాడిన మాట ‘ఐగెన్‌త్సైట్’, అంటే సొంత కాలం. ‘ప్రాపర్’కు కూడా మూలార్థం సొంతమే, వాడుకలో ‘సరైనది’ అయి కూర్చుంది. మనకు ‘స్వకాలం’ ఉంది, పొట్టిగా, ఏ అనుమానమూ లేకుండా.

ఈ స్వకాలానికి ఒక ఉదాహరణ చెబుతాను. 1971 అక్టోబరులో హాఫెలే, కీటింగ్ అనే శాస్త్రవేత్తలు చాలా కచ్చితమైన నాలుగు సీజియం అణు గడియారాలను విమానాల్లో భూమి చుట్టూ తిప్పారు. తూర్పుగా వెళ్లి వచ్చినప్పుడు అవి నేల మీది గడియారాల కంటే సుమారు 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమరగా వెళ్లినప్పుడు సుమారు 273 ముందుకొచ్చాయి. వేగంతోపాటు ఎత్తు ప్రభావం కూడా అందులో కలిసే ఉంది, ఎత్తున గురుత్వాకర్షణ తగ్గి గడియారం కాస్త త్వరగా నడుస్తుంది. వాటిలో ఏ గడియారమూ చెడిపోలేదు, ఏదీ తప్పు చూపలేదు. ప్రతిదీ తన స్వకాలాన్నే చూపించింది.