ఈ వారం సమస్య: ‘పిన్ని రాఁగ నిల్లు వెక్కి యేడ్చె’

నిర్వాహకుడు (విజయనగరం): ఆటవెలది పద్యానికి నాలుగో పాదం ఇచ్చాను, పై మూడు పాదాలు మీరు పూరించాలి. పిన్ని వస్తే ఇంట్లో సందడి ఉండాలి గానీ ఏడుపేమిటి? విషయం నటి రాధిక. 1978లో తమిళ తెరకు పరిచయమై, 1981లో ‘న్యాయం కావాలి’తో మనవాళ్ళకు దగ్గరైన ఆమె, 1999లో మొదలైన ‘చిత్తి’ సీరియల్ తెలుగులో ‘పిన్ని’గా రావడంతో ఇంటి మనిషైపోయింది.

నరసన్నపేట సభ్యురాలు:

రాధికమ్మ నటన రక్తి కట్టించగ
వంట గదిని వదలి వచ్చె నమ్మ
తలుపు వేసె నాన్న, తాతయ్య కళ్ళొత్తె
పిన్ని రాఁగ నిల్లు వెక్కి యేడ్చె

పాలకొండ మాస్టారు: ధార బాగుందమ్మా. నాన్న తలుపెందుకు వేశాడో చెప్పకపోవడం ఇంకా బాగుంది. కానీ మొదటి పాదంలో పేరు మారిస్తే ఏ సీరియల్‌కైనా సరిపోతుంది. నా ప్రయత్నం:

వెండితెరను గెలిచి వేరొక్క దారిలో
బుల్లితెరకు వచ్చె పుణ్యవతిగ
నాటి లలిత కనుల నానిన శోకాన
పిన్ని రాఁగ నిల్లు వెక్కి యేడ్చె

నరసన్నపేట సభ్యురాలు: ఏటి మాస్టారూ, ‘పుణ్యవతిగ’ యతి కోసం, అంటే పాదం మొదట్లోని ‘బు’కి జత అక్షరం కోసం, తెచ్చిందే కదా!

నిర్వాహకుడు: నిజమే. ‘పురము మురిసె’ అంటే యతీ నిలుస్తుంది, అర్థమూ వస్తుంది. అయినా మూడో పాదానికే నా ఓటు. 1986 నాటి ‘స్వాతిముత్యం’ మన దేశం తరఫున ఆస్కార్‌కు వెళ్ళింది. అందులో రాములవారి కల్యాణంలో కథానాయకుడు శివయ్య ఉన్నట్టుండి లలితకు తాళి కట్టేస్తాడు. భర్త పోయిన లలితగా రాధిక, అంత జనం మధ్య! అప్పుడామె ముఖం చూడండి. డైలాగు అక్కర్లేదు. ఆ ముఖాన్నే తర్వాత రోజూ ఇంటి హాల్లో కూర్చుని చూశాం. పెద్ద తెర మీద తారలు చాలామందే ఉన్నారు, అన్నం కలుపుకుంటూ చూసినా నిలబడే నటన కొందరిదే.

బొబ్బిలి కోడలు: నాది సరదా పూరణ.

బుల్లితెరను చూచు పూట బొబ్బిలి నుండి
అసలు పిన్ని వచ్చె నాటొ దిగుచు
సీరియల్ ఆపి చేయఁగా మర్యాద
పిన్ని రాఁగ నిల్లు వెక్కి యేడ్చె

పాలకొండ మాస్టారు: హహ! సమస్యను భలే విప్పావు తల్లీ. మూడో పాదంలో మాత్రం గణభంగం, అంటే అక్షరాల లెక్క తప్పింది. ‘సీరి’ తర్వాత ‘యల్ ఆ’ రెండూ గురువులే (బరువుగా పలికే అక్షరాలే), ఇక్కడ రావలసిన సూర్యగణం (ఒక గురువు తర్వాత ఒక తేలిక అక్షరం, లేదా మూడు తేలిక అక్షరాలు) కాదు. ‘సీరియల్లు నాపి’ అను, మూడు గణాలూ కుదురుతాయి. సీ-చే యతి సరిగ్గానే ఉంది.

బొబ్బిలి కోడలు: మార్చేశాను మాస్టారూ. ఈ పద్యం మాత్రం మా పిన్ని వాట్సాప్‌కి పంపకండి.