థీసిస్ ఇచ్చేశాను, వైవా మిగిలింది. ల్యాబ్ వదిలినవాళ్లు ఇప్పుడు ఏమి చేస్తున్నారు?

ప్రశ్న: తార్నాక గది

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో క్షయ బాక్టీరియా మీద పీహెచ్‌డీ చేశాను. 2018 ఆగస్టులో చేరాను, 2025 ఏప్రిల్‌లో థీసిస్ సమర్పించాను. పరీక్షకుల నివేదికలు రావాలి, ఆ తరువాత వైవా. వయసు 31. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాన్న రొయ్యల చెరువులకు మేత అమ్ముతారు.

ఇన్నేళ్లు ఎందుకు పట్టిందని ఊళ్లో అడిగేవాళ్లకు నేను ఒకటే చెబుతాను. మామూలు ఈ.కోలై బాక్టీరియా ఇరవై నిమిషాల్లో ఒకటి రెండవుతుంది. క్షయ బాక్టీరియాకు అదే పనికి దాదాపు ఒక రోజు కావాలి. ప్లేటు మీద పోశాక కాలనీలు కంటికి కనబడటానికి మూడు నాలుగు వారాలు ఆగాలి. మూడో వారంలో బూజు పట్టిందంటే నెల పోయినట్టే. 2020 మార్చి లాక్‌డౌన్‌లో ఎలుకల సంఖ్య తగ్గించమన్నారు. ఏడాదిన్నరగా పెంచుకుంటున్న ఎలుకలు పోయాయి. ఆ ప్రయోగం మళ్లీ మొదలుపెట్టేసరికి 2021 వేసవి వచ్చింది.

నా ఫెలోషిప్ ఐదేళ్లది. 2023 జనవరి నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నెలకు 35 వేల నుంచి 42 వేలకు పెరిగింది. ఆ పెంపు నాకు ఎనిమిది నెలలే అందింది. ఆ తరువాత ఒక ప్రాజెక్టులో పది నెలలు పనిచేశాను. అక్కడి నుంచి ఏమీ లేదు. ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఉంటూ, సాయంత్రాలు ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెబుతూ థీసిస్ రాశాను. నాన్న డబ్బు పంపుతాననే అంటారు. ఆ ఏడాది రొయ్య ధర ఎలా ఉందో తెలిసి అడగలేకపోయాను.

మా గైడ్ అమెరికాకు పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తరువాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగానికి, వెళ్లమంటున్నారు. నా మేలు కోరే అంటున్నారు, అందులో సందేహం లేదు. ఆయన నడిచిన దారి అదే. నాకంటే ముందు మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేసినవాళ్లు ఏడుగురు. ఒకరు ప్రొఫెసర్ అయ్యారు. నలుగురు ఇంకా పోస్ట్‌డాక్‌లే, వాళ్లలో ఒకరికి అది మూడో దేశం. మిగిలిన ఇద్దరూ ల్యాబ్ పని వదిలేశారు. ఆ ఇద్దరి గురించి మా దగ్గర ఎవరూ మాట్లాడరు. పాత ఫొటోలో ఉన్నారు, ఎవరని అడిగితే మాట మారుస్తారు.

నేను అడగాలనుకుంటున్నది అటువంటివాళ్లనే. ఏమి చేస్తున్నారు? ఎలా వెళ్లారు? ఏమి పోగొట్టుకున్నారు? నాకు ప్రయోగం చేయడం కంటే దాన్ని రాయడం ఇష్టమని ఆలస్యంగా తెలిసింది. మా పేపరును పరిశీలించిన రివ్యూయర్లకు జవాబులు రాసిన వారం రోజులూ ఎంత సంతోషంగా ఉన్నానో, ఎలుకలను చంపవలసిన ప్రతి రోజూ అంత బాధపడ్డాను. ఇది ఒక జీవితానికి సరిపోయే కారణమా?

జవాబు: పాత రికార్డులు

అమ్మా, నేను ప్రొటీన్ల మీద పీహెచ్‌డీ చేసి పదకొండేళ్లుగా పేటెంట్ల పనిలో ఉన్నాను. రాయడం ఇష్టమన్నారు కాబట్టి చెబుతున్నాను.

పేటెంట్ ఏజెంట్ కావడానికి ప్రభుత్వం పెట్టే పరీక్ష రాయాలి. సైన్సు డిగ్రీ ఉంటే చాలు, పీహెచ్‌డీ అక్కర్లేదు. ఒక పేపరు పేటెంట్ల చట్టం 1970, దాని నిబంధనల మీద. రెండోది పేటెంట్ పత్రం ముసాయిదా రాయడం మీద. ఆ తరువాత మౌఖికం. ఒక్కో పేపరులో 50 శాతం, మొత్తం మీద 60 శాతం రావాలి. ఏటా ఒకే నెలలో జరుగుతుందని నమ్ముకోకండి, ప్రకటన కోసం చూస్తూ ఉండాలి.

పని ఎలా ఉంటుందంటే, ఒక కంపెనీ ఒక యాంటీబాడీ తెచ్చి ఇది కొత్తదంటుంది. నిజంగా కొత్తదేనా అని పాత పత్రాలన్నీ తవ్వాలి. తరువాత హక్కు ఎంతవరకో ఒక్కొక్క వాక్యంగా కట్టాలి. చట్టంలో సెక్షన్ 3(డి) అని ఒకటుంది. తెలిసిన పదార్థానికి కొత్త రూపం ఇచ్చినంత మాత్రాన పేటెంట్ రాదు, దాని సామర్థ్యం పెరిగిందని చూపాలి. క్యాన్సర్ మందు గ్లివెక్ కేసులో 2013లో సుప్రీంకోర్టు నోవార్టిస్‌కు కాదన్నది దీని మీదే. ఆ సామర్థ్యం ప్రయోగ ఫలితాల పట్టికలో ఉందో లేదో చదివి చెప్పగలిగేది ల్యాబ్‌లో పనిచేసినవాళ్లే. మీ చదువు వృథా కాదు.

మొదటి రెండేళ్లు జీతం తక్కువ. చట్టం భాష విసుగు పుట్టిస్తుంది. నాకు మూడో ఏడాది నుంచి నచ్చింది.

జవాబు: నాచారం నుంచి

చెల్లెమ్మా, మీ ల్యాబ్ ఫొటోలోని ఆ ఇద్దరి వంటిదాన్నే నేను. మా ల్యాబ్‌లో కూడా నా పేరు ఎత్తరు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

2018లో పీహెచ్‌డీ పూర్తయ్యాక ఏడు నెలలు ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టాను. ఆరు పేజీల బయోడేటా. వెస్టర్న్ బ్లాట్, ఫ్లో సైటోమెట్రీ, కాన్‌ఫోకల్, నాకు వచ్చిన ప్రతి పద్ధతీ అందులో ఉంది. ఇరవైమూడు చోట్లకు పంపితే ఒక్క జవాబు రాలేదు. చివరకు పాత సీనియర్ ఒకామె దాన్ని చూసి, నువ్వు ఏ యంత్రాలు నడిపావో వాళ్లకు అక్కర్లేదు, ఎవరి కోసం ఏమి రాశావో ఎక్కడా లేదే అన్నది. అప్పుడు రెండు పేజీలకు కుదించాను. రాసిన పేపర్లు, జూనియర్లకు దిద్దిపెట్టిన సినాప్సిస్‌లు (థీసిస్ సారాంశాలు), ఎథిక్స్ కమిటీకి రాసిన దరఖాస్తులు పైకి తెచ్చాను. మూడు వారాల్లో రెండు పిలుపులు వచ్చాయి.

నేను చేరింది మెడికల్ రైటింగ్‌లో. ఆ మాట వింటే చాలామంది పత్రికలకు ఆరోగ్య వ్యాసాలు రాయడమనుకుంటారు. నా పని అది కాదు. కొత్త మందును మనుషుల మీద పరీక్షించాక ఆ పరీక్ష మొత్తాన్ని ఒక నివేదికగా ఔషధ నియంత్రణ సంస్థలకు ఇవ్వాలి. దాని అమరిక ఎలా ఉండాలో ఐసీహెచ్ అనే అంతర్జాతీయ మండలి ఇచ్చిన ఈ3 మార్గదర్శకం చెబుతుంది. గణాంక నిపుణులు వందల పట్టికలు పంపుతారు. వాటిని చదివి, ఎంతమందికి ఏమి జరిగిందో ఒక్క అంకె తప్పకుండా రాయాలి. పరీక్షలో ఎవరైనా చనిపోతేనో తీవ్రంగా జబ్బుపడితేనో ఆ మనిషి కథనం విడిగా ఉంటుంది. వయసు, ఎన్నో రోజున ఏ మాత్ర, ఏ రోజున జ్వరం. పేరు ఉండదు. మొదటిసారి అటువంటిది రాసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎలుకల విషయం మీరు రాశారు కాబట్టి ముందే చెబుతున్నాను, ఇక్కడ కూడా బాధ ఉంటుంది, మరో రూపంలో.

ఇంటర్వ్యూలో ఒక పట్టిక ఇచ్చి రెండు గంటల్లో మూడు వందల పదాల సారాంశం రాయమన్నారు. నేను ఆ మందు ఎందుకు పనిచేసి ఉంటుందో రాశాను. అదంతా కొట్టేశారు. ఉద్యోగమిచ్చారు కానీ, ఆ అలవాటు పోవడానికి ఏడాది పట్టింది. పీహెచ్‌డీ మనకు కారణం వెతకడం నేర్పుతుంది, ఈ నివేదికలో చూసింది మాత్రమే చెప్పాలి.

మొదటి జీతం నెలకు 45 వేలు. 2018లో ఎస్‌ఆర్‌ఎఫ్ 28 వేలు. ఇప్పుడు లెక్క వేరు: 2023 నుంచి, పీహెచ్‌డీ తరువాత ల్యాబ్‌లోనే ఉండే రీసెర్చ్ అసోసియేట్‌కు మొదలే 58 వేలు, ఇంటి అద్దె భత్యం అదనం. కాబట్టి మొదటి జీతం చూసి బయటికి రాకండి. పోను పోను పెరుగుతుంది, అది నిజం. నెలాఖరున కచ్చితంగా వస్తుంది, నాకు అదే ఎక్కువ. మా అమ్మ రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ నా జీతంతో చేయించాను.

ఏమి పోగొట్టుకున్నానో అడిగారు. రాసినదాని మీద నా పేరు ఉండదు. రాత్రి తొమ్మిదికి అమెరికా వాళ్లతో సమావేశాలుంటాయి. నాకంటూ ఒక ప్రశ్న లేదు, ఇది అన్నిటికంటే పెద్దది. మూడేళ్లపాటు ఏ సెమినార్ ప్రకటన చూసినా గుండె కలుక్కుమనేది.

ఇంకొకటి దాచకుండా చెప్పాలి. కొత్తగా చేరినవాళ్లు రాసే మొదటి ముసాయిదాలు కొన్ని ఇప్పుడు కృత్రిమ మేధతో తయారవుతున్నాయి. తప్పు పట్టుకోగలిగేవాళ్లు కావాలి, ఊరికే నింపేవాళ్ల అవసరం తగ్గుతోంది. పట్టికను అనుమానంగా చదవడం మీకు వచ్చి ఉంటే భయం లేదు.

మీది పాలకొల్లు దగ్గరంటే బోదకాలు మాత్రలు మింగే ఉంటారు. ఆ డీఈసీ మందు ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలో వచ్చింది. ఆయన భీమవరంలో పుట్టారు. ఆయన పేరుతో ఉన్న, ఫాస్ఫరస్‌ను కొలిచే పరీక్షను హార్వర్డ్‌లో ఉండగా 1925లోనే ప్రచురించారు, అయినా అక్కడ శాశ్వత స్థానం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. క్యాన్సర్ మందు మెథోట్రెక్సేట్, డీఈసీ, యాంటీబయోటిక్ ఆరియోమైసిన్ అన్నీ ఆ తరువాత వచ్చినవే. కంపెనీకి వెళ్లడం దిగిపోవడమని ఎవరైనా అంటే నాకు ఆయనే గుర్తొస్తారు.

జవాబు: చార్లెస్ నది

బోస్టన్‌లో పోస్ట్‌డాక్‌గా మూడో ఏడాది నాది. వెళ్లవద్దని చెప్పను, కానీ చూసి వెళ్లండి. 2024లో, ఇక్కడ వైద్య పరిశోధనకు డబ్బిచ్చే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ స్థాయి ప్రకారం కొత్త పోస్ట్‌డాక్‌కు ఏడాదికి 61,008 డాలర్లు. రూపాయల్లోకి మార్చి సంతోషపడితే ఇక్కడి అద్దె కట్టలేరు. నేను ఇద్దరితో ఇల్లు పంచుకుంటున్నాను.

2025 ఫిబ్రవరిలో ఎన్‌ఐహెచ్ గ్రాంట్ల పరోక్ష ఖర్చులను (భవనాలు, కరెంటు, నిర్వహణ వంటివి) 15 శాతానికి పరిమితం చేస్తామని ప్రకటించింది. కోర్టు ఆపింది. అయినా ఆ భయంతోనే చాలా విశ్వవిద్యాలయాలు కొత్త నియామకాలు తగ్గించాయి. ఇక ప్రొఫెసర్ ఉద్యోగాల సంగతి: ఎన్‌ఐహెచ్ కోసమే ఒక నిపుణుల బృందం 2012లో చెప్పిన మాట, బయోమెడికల్ పీహెచ్‌డీలలో ఆ దారి చేరేవాళ్లు 1993లో 34 శాతం, తరువాత 26 శాతం. అంటే ఇక్కడ కూడా నలుగురిలో ముగ్గురు వేరే దారి పట్టినవాళ్లే.

వస్తే రెండు ప్రశ్నలు అడిగి రండి. గ్రాంటులో ఇంకా ఎన్ని నెలల డబ్బుంది? ఇంతకుముందు ఈ ల్యాబ్‌లో పనిచేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు? రెండోదానికి జవాబు చెప్పని ల్యాబ్‌కు వెళ్లకండి. నేను అడగలేదు. మొదటి ల్యాబ్‌లో పద్నాలుగు నెలలకే డబ్బు అయిపోయింది.

మన దేశంలోనే ఉండాలనుకుంటే వయసు చూసుకోండి. కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌లో సైంటిస్టు ఉద్యోగాలకు మామూలుగా పరిమితి 32 ఏళ్లు, వర్గాన్ని బట్టి సడలింపులుంటాయి. సొంత ప్రశ్న మీద పట్టు ఉంటే జీవశాస్త్ర, వైద్య పరిశోధనకు డబ్బిచ్చే, హైదరాబాద్‌లోనే ఉన్న ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు చూడండి.

తార్నాక గది

అందరికీ కృతజ్ఞతలు. నాచారం అక్కా, మీ జవాబు నాలుగుసార్లు చదివాను. నాకంటూ ఒక ప్రశ్న లేదన్న చోట ప్రతిసారీ ఆగాను. నాకు ఒక ప్రశ్న ఉందా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఉన్నది మా గైడ్ ప్రశ్న, నేను ఆరున్నరేళ్లు దానికి పనిచేశాను. ఇది ఆయన మీద ఫిర్యాదు కాదు.

మీరు చెప్పినట్టు బయోడేటా తిరగరాస్తున్నాను. ఇప్పటికి మూడు పేజీలు. ఎలుకల పద్ధతులు తీసేస్తుంటే చెయ్యి ఆడలేదు.

నాచారం నుంచి

రెండు పేజీలయ్యాక నాకు పంపండి, ఆదివారం చూస్తాను. ఈలోగా మీ థీసిస్ రెండో అధ్యాయాన్ని మీ నాన్నగారికి అర్థమయ్యేలా ఒక పేజీ తెలుగులో రాయండి. అది కూడా పంపండి.

తార్నాక గది

ఆ పేజీ రాశాను. నాన్నకు ఫోనులో చదివి వినిపించాను. చెరువులో రోగం వచ్చాక రొయ్య ఎన్ని రోజులు మామూలుగా కనబడుతుందో ఆయన చెప్పారు. క్షయ బాక్టీరియా మాక్రోఫేజ్ అనే రక్షణ కణంలో దాక్కుని ఉండటం గురించే కదా అన్నారు. ఆరున్నరేళ్లలో నా పని గురించి మేం మాట్లాడుకోవడం ఇదే మొదటిసారి.

ఇంకో సంగతి. ఫొటోలోని ఇద్దరిలో ఒకామె నంబరు దొరికింది. నిన్న సాయంత్రం మాట్లాడాను. జన్యు పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నారు. రోగి డీఎన్‌ఏలో కనబడిన మార్పు జబ్బుకు కారణమా కాదా అని ఐదు తరగతుల్లో ఒకదానిలో వేసి వైద్యులకు నివేదిక రాస్తారు. తేల్చలేనివాటిని తేల్చలేమనే రాస్తారట, పిల్ల తల్లిదండ్రులు ఆ ఒక్క వాక్యం కోసమే నెల రోజులు ఎదురుచూసి ఉంటారని తెలిసినా. గంట పది నిమిషాలు మాట్లాడాం. మా ల్యాబ్ నుంచి ఆరేళ్లలో తనకు వచ్చిన మొదటి ఫోను నాదేనన్నారు. శనివారం వాళ్ల ఇంటికి భోజనానికి రమ్మన్నారు. వైవా రోజు చెబితే తానూ వస్తానన్నారు. మా గైడ్‌కు ఈ మాట సోమవారం చెబుతాను.