నీడబొమ్మల సినిమా: సీసం రేకుకు బదులు ఏం వాడొచ్చు?

నేను హనుమకొండలో హైస్కూల్ టీచర్‌ని. మా ఎనిమిదో తరగతి అమ్మాయిలతో లోట్టె రైనిగర్ పద్ధతిలో చిన్న నీడబొమ్మల సినిమా తీయించాలని ఉంది. కథ వాళ్లే ఎంచుకున్నారు, సమ్మక్క సారలమ్మది.

1899లో బెర్లిన్‌లో పుట్టిన రైనిగర్ గారు కత్తెరతో నల్ల అట్టబొమ్మలు కత్తిరించి, 1926 నాటికే ఒక పూర్తి నిడివి యానిమేషన్ సినిమా తీశారు. ఇప్పటికీ మిగిలి ఉన్నవాటిలో అంతకంటే పాతది లేదు. డిస్నీ వాళ్ల స్నోవైట్ వచ్చింది 1937లో. అయినా మన పిల్లల్లో ఈవిడ పేరు విన్నవాళ్లు ఎంతమంది? తోలుబొమ్మలాట పుట్టిన నేల మనది, ఈ పని మన ఆడపిల్లలకు తప్పకుండా తెలియాలి.

ఇక నా సమస్య. ఆవిడ బొమ్మలకు అట్టతోపాటు పల్చటి సీసం రేకు వాడేవారు, కీళ్లను తీగతో కట్టేవారు. ఆ బరువుకే బొమ్మ గాజు బల్ల మీద కదలకుండా ఉండేది. సీసం విషం కాబట్టి పిల్లల చేతికి ఇవ్వను. వరంగల్ చౌరస్తాలో కొన్న నల్ల చార్టు మరీ తేలిక, ఫ్యాను గాలికే చెయ్యి పక్కకు జరిగిపోతోంది. బరువుగా ఉండి, కత్తెరకు తెగేది ఇంకేం ఉంది?

బొమ్మను కొద్దికొద్దిగా కదుపుతూ ఒక్కో ఫొటో తీసి, వాటిని వరసగా కలిపితే సినిమా అవుతుంది. గాజు బల్ల కింద ఎల్‌ఈడీ లైటు పెడితే ఫోన్‌లో ఒక ఫొటోలోని వెలుగు ఇంకో ఫొటోతో కలవడం లేదు. ఏ లైటు వాడాలి? సెకనుకు 12 ఫొటోలు చాలా?

ఇలా ఫొటోలతో సినిమా (స్టాప్ మోషన్) చేసినవాళ్లు, తోలుబొమ్మల పని తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. ఓరుగల్లు దగ్గర్లో ఉండి ఒక పూట బడికి వచ్చి చూపించగలిగితే ఇంకా సంతోషం.