అమ్మ చేసిన బ్యారన్ పనిని గొడ్డు చాకిరీ అని రాయొచ్చా?

ప్రశ్న (టంగుటూరు నుంచి):
మా అమ్మ పొగాకు బ్యారన్ల (పచ్చాకును వేడితో ఆరబెట్టే గదుల) దగ్గర పనిచేసిన రోజుల గురించి వ్యాసం రాస్తున్నాను. "గొడ్డు చాకిరీ" అని రాస్తే మా మేనమామ ఒప్పుకోలేదు. "మా అక్కను గొడ్డుతో పోలుస్తావా?" అన్నాడు. "శ్రమతో కూడిన పని" అంటే నాకే చప్పగా ఉంది. ఒక ఫ్రెండ్ "వెట్టి చాకిరీ" అని పెట్టమంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కొండపి రైతుబిడ్డ:
చెల్లెమ్మా, గొడ్డు అనే మాట ఇక్కడ పని చేయించుకున్న తీరుకు తగులుతుంది. పగలంతా అరకకు కట్టి, సాయంత్రం గడ్డి పడేసి, నొప్పేమిటని అడగని తీరు. ఎంత అలసిపోయినా, తనకోసం చేసుకున్న పనిని మావైపు ఎవరూ అలా అనరు. మా నాన్న సొంత బ్యారన్‌లో ఆకు కాల్చేటప్పుడు దాదాపు వారం రోజులు రాత్రీ పగలూ పొయ్యి దగ్గరే ఉండేవాడు. వేడి మెల్లగా పెంచుతూ చివరికి 70 డిగ్రీల దాకా తీసుకెళ్లాలి, తేడా వస్తే ఆకు పాడవుతుంది. ఒళ్లు హూనమయ్యేది. అయినా ఆయన నోట వచ్చే మాట "రెక్కల కష్టం". వేలంలో మంచి ధర పలికితే డబ్బు ఆయనకే కదా!

కూలికొచ్చిన ఆడవాళ్ల సంగతి వేరు. మంచు ఆరకముందే చేలో ఆకు రెలిచేవాళ్లు, అంటే కోసేవాళ్లు. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది, తల తిరిగి వాంతులయ్యేవి. ఆ తర్వాత కర్రలకు ఆకు అల్లకం, చేతులంతా జిగురు. గొడ్డు చాకిరీ అనే మాట నేను విన్నది వాళ్ల దగ్గరే. అనే హక్కు వాళ్లకుంది. అమ్మ ఏమంటుందో అడుగు, అదే రాయి.

ఆత్మకూరు నుంచి:
"వెట్టి" మాత్రం వద్దమ్మా. కూలి ఇవ్వకుండానో, అప్పు కిందో, వదిలి వెళ్లనివ్వకుండా బలవంతంగా చేయించుకునేది వెట్టి. 1976 నాటి చట్టం దాన్ని రద్దు చేసింది. అలసటకు ఆ మాట వాడితే నిజంగా వెట్టిలో మగ్గినవాళ్ల బాధ పలచబడుతుంది.

ప్రశ్న అడిగినామె:
అమ్మను అడిగాను. బ్యారన్ పని కష్టమే కానీ సాయంత్రానికి కూలి చేతికొచ్చేదట, అది రెక్కల కష్టమేనంది. గొడ్డు చాకిరీ అంటే అత్తగారింట్లో తను చేసిందట! వ్యాసంలో ఇప్పుడు ఇంకో భాగం రాయాలి. మామయ్యకు ఇంకా చెప్పలేదు.