చెదల జాతిలో పెత్తనం ఎవరిది? పాచికల లెక్క కుదరట్లేదు

నెల్లూరులో నలుగురం ఆడే రోల్‌ప్లేయింగ్ గేమ్ (తలా ఒక పాత్ర వేసి కథ నడిపే ఆట) కోసం, ఉదయగిరి కొండల కింద పుట్ట కట్టుకున్న మనిషంత చెదల జాతిని అల్లుతున్నా. ఒకచోట ముడిపడింది, సాయం చేయండి.

చీమల్ని వద్దనుకోడానికి కారణముంది. వాటిలో పనిచేసేవన్నీ ఆడవే, మగది జతకట్టాక చచ్చిపోతుంది. చెదల్లో రాజు రాణి పక్కనే ఉండిపోతాడు, పనివాళ్లలో ఆడా మగా ఉంటారు. సైనికులు పెద్ద దవడలతో సొంతంగా తినలేరు, పనివాళ్లు నోటికి అందించాల్సిందే. కత్తి ఒకడిది, కూడు ఇంకొకడిది. ఆటకి ఇంతకంటే ఏం కావాలి!

చిక్కేంటంటే, రాణి హుకుం ఇస్తుందని రాస్తే ఆటగాళ్లు తిన్నగా వెళ్లి రాణిని చంపేస్తారు. నిజానికి ఆమె పని గుడ్లు పెట్టడమే, పుట్టలో కబుర్లు నడిచేది వాసనలతో. అందుకని రెండు ఆరుముఖాల పాచికలు వేసి, మొత్తం 8 గానీ ఆపైన గానీ పడితే వాసన పుట్టంతా పాకినట్టు పెట్టా: 36కి 15 సార్లు. వానలో పడ్డ మొత్తంలోంచి 2 తగ్గిస్తే 36కి 6 సార్లే, పుట్ట మొద్దుబారిపోతోంది. పైగా ఉసిళ్లు (రెక్కల చెదలు) లేచేది వానకేగా!

తగ్గింపు 1కి దించాలా, ఉసిళ్లకి వేరే పాచిక ఇవ్వాలా? పనివాళ్లు కూడు ఆపేస్తే సైనికులు ఎన్ని రౌండ్లలో నీరసించాలి?